కొత్త గిలాబుకు నెర్రెలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, కట్టిన ఇంటి గోడవంక మరీ దగ్గరగా చూడవద్దని కూడా ఒక ముక్క చెప్పివుంటే బాగుండేది. 2019 వేసవిలో మా ఇంట్లో అన్నాలు సహించని రోజులు నాలుగైనా తగ్గేవి.

అది మే నెల. జనగామలో మా కొత్త ఇంటి గృహప్రవేశానికి సరిగ్గా తొమ్మిది రోజులుంది. పత్రికలు పంచటం కూడా అయిపోయింది. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయటం అప్పటికి నాకు అలవాటయింది. ఆ వేళ పడమటి వైపు తిరిగేసరికి కాలు ముందుకు పడలేదు. నేలమీద నుంచి మూడడుగుల ఎత్తున బేస్‌మెంటుకు నాలుగు రోజుల క్రితమే గిలాబు చేయించాం. దానిమీద ఈ మూల నుంచి ఆ మూల దాకా సాలెపురుగు గూడు అల్లినట్టు సన్నని నెర్రెలు!

మా ఆవిడను పిలిచాను. ఆమె చూసి, "పునాది కుంగిందా యేమిటండీ?" అన్నది. ఆ మాట నా మనసులో వున్నదే. పైకి వచ్చేసరికి గుండె జారిపోయింది. జీవితమంతా కూడబెట్టిన డబ్బు ఆ గోడల్లో వుంది.

మేస్త్రికి కబురు పెట్టాను. ఆయన వచ్చాడు. నేను కేకలు వేస్తూనే వున్నాను. ఆయన మారుపలకలేదు. ఒక చెంబెడు నీళ్లు గోడమీద చల్లి, అవి ఆరుతుంటే నెర్రెలు ఎక్కడెక్కడ నల్లగా తేలాయో చూశాడు. తాపీ తిరగేసి పిడితో టకటకా కొట్టి, చెవి పెట్టి విన్నాడు. చివరకు, "గోడ పగులలేదు సార్. పై తోలు పగిలింది. నీళ్లు ఎన్నిమాట్ల కొట్టిన్రు?" అని అడిగాడు.

"రోజూ కొట్టిస్తూనే వున్నాం" అన్నాను.

"ఆ వేపచెట్టు కింది గోడ చూడుండ్రి సార్. అదీ నేనే చేసిన, ఆ దినమే చేసిన, అదే మాల్. ఒక్క గీత లేదు."

నేను చూడలేదు. కోపంలో వున్న మనిషికి చెట్టూ కనబడదు, నీడా కనబడదు. "పని చెడగొట్టి పైగా పాఠాలు చెబుతున్నావా?" అని, ఇవ్వవలసిన ఆరు వేల రూపాయలు ఆపేశాను. ఆయన తాపీ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

గృహప్రవేశం జరిగింది. పాలు పొంగాయి. వచ్చిన చుట్టాలెవరూ పడమటి వైపు పోకుండా అక్కడ షామియానా కట్టించాను. కాని షామియానా విప్పిన తరువాత కూడా ఆ వేపచెట్టు మాట నన్ను వదలలేదు.

బావగారి గోడ

ఆషాఢంలో మహబూబాబాదు వెళ్లాను. మానుకోట అంటేనే మా ఇంట్లో వాళ్లకు నోరు తిరుగుతుంది. మా ఆవిడ అన్నగారు అక్కడ ఊరిచివర, ఒకప్పటి పత్తిచేను అంచున ఇల్లు కట్టుకున్నారు. నా గోడ సంగతి వినగానే ఆయన నవ్వి, "నీది గీత బావా, నాది రాత!" అని నన్ను వెనకవైపుకు తీసుకుపోయారు.

నిజమే. ఆయన బేస్‌మెంటు మూల నుంచి ఒక పగులు మెట్లు మెట్లుగా ఏటవాలున ఎక్కి కిటికీ మూలదాకా పోయింది. కింద దారమంత, పైన అణా కాసు దూరేంత. మూడుసార్లు సిమెంటు పెట్టి పూడ్చారట. మూడుసార్లూ వేసవిలో మళ్లీ నోరు తెరిచింది. వానాకాలం వచ్చేసరికి దానంతటదే సగం మూసుకుంటుంది.

ఆయన ఇంటికి ఒక ఇంజనీరు వచ్చి వెళ్లివున్నాడు. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేసిపోయాడు. నేను చూసేసరికి గాజు విరిగివుంది. పగులు ఇంకా కదులుతున్నదని దాని అర్థం. గాజు విరగకుండా నెలల తరబడి నిలిస్తే ఆ పగులు చచ్చిన పగులు. దానికి మందు వేయవచ్చు. కదిలే పగులుకు పైన ఎంత పూసినా దండగే.

కారణం నేలలో వుంది. అది నల్లరేగడి. రేగడి మట్టిలో ఒక జాతి బంకమన్ను వుంటుంది. అది నీరు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఎండాకాలం రేగడి చేలో కాలు ఇరుక్కునేంత నెర్రెలు పడటం మనందరం చూసిందే. ఆ నేలమీద నిలబడ్డ ఇల్లు కూడా దానితోపాటు ఊపిరి పీల్చి వదులుతుంది. ఇల్లంతా ఒక్కటిగా లేచి ఒక్కటిగా దిగితే అంత ప్రమాదం లేదు. బావగారి ఇంట్లో ఒక మూల స్నానాలగది నీరు ఇంకుతూ ఏడాది పొడుగునా తడి, ఎదుటి మూల ఎండకు బీడు. ఒక మూల లేస్తుంది, ఇంకో మూల కుంగుతుంది. మధ్యలో గోడ తెగుతుంది.

ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు అడుగున గడ్డలా ఉబ్బి వుండే పునాది స్తంభాలను వాడుకలోకి తెచ్చారు. కాలానికొకలా మారే పై మట్టిని దాటి, కింద కదలని లోతులో ఆ గడ్డ పాతుకుని పట్టు నిలుపుతుంది. కట్టక ముందయితే ఆ పని చేయవచ్చు. కట్టిన తరువాత చేయగలిగింది గోడచుట్టూ నీరు నిలవకుండా చూడటం, ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున వాలుగా గచ్చు చేయించటం, స్నానాలగది నీటిని దూరంగా పంపటం. బావగారు ఆ పనులన్నీ చేయించారు. పగులు మానలేదు గాని, పెరగటం ఆగింది.

తిరుగుప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. మా నేల ఎర్రచెల్క. నా గోడమీది నెర్రెలు కిటికీల వైపు ఎక్కలేదు, ఒక మూలకూ పోలేదు, వెడల్పు కాలేదు. మేస్త్రి గోడమీద నీళ్లు చల్లి చూసింది దీనికోసమే! పునాది కుంగలేదని ఆయన ఆ రోజే చెప్పాడు. నాకు వినబడటానికి రెండు నెలలు పట్టింది.

అమ్మాయి ఇంట్లో అడ్డగీత

దసరాకు భూపాలపల్లిలో వున్న మా అమ్మాయి దగ్గరకు పోయాం. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలు అయ్యాయి గాని, అంతకుముందు మూడూ ఒక్క వరంగల్లు జిల్లాలోవే. జిల్లాలు విడిపోయినా గోడల రోగాలు మాత్రం విడిపోలేదు.

అమ్మాయి వాళ్ల ఇంట్లో బేస్‌మెంటు పైభాగాన స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఒక అడ్డగీత. ఇది మూడో రకం. కింద కాంక్రీటు బెల్టు, దానిమీద ఇటుక గోడ. రెండూ ఎండకు ఒకేలా సాగవు, తడికి ఒకేలా స్పందించవు. పైగా కాంక్రీటు ముఖం పలకలా నున్నగా వుంటే గిలాబుకు పట్టు దొరకదు. రెండూ కలిసేచోట పైపూత తెగుతుంది. గిలాబుకు ముందు కాంక్రీటును ఉలితో గాట్లు పెట్టించి, కలిసే గీతమీద కోళ్లగూటి జాలీ మేకులతో బిగించి వుంటే ఆ గీత వచ్చేది కాదు. జాలీ ఖరీదు ఆ ఇంటి ఖర్చులో ఉప్పు ఖరీదంత.

మా అల్లుడు ఇంకో సంగతి చెప్పాడు. భూపాలపల్లి బొగ్గు ఊరు. దగ్గరలో చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వుంది. బొగ్గు మండిన తరువాత మిగిలే సన్నని బూడిదతో ఇటుకలు చేస్తారు, సిమెంటులోనూ కలుపుతారు. ఇవాళ మనం కొనే బస్తాల్లో చాలామటుకు బూడిద కలిసిన సిమెంటే. అది కల్తీ కాదు. దీర్ఘకాలంలో మంచి బలమే ఇస్తుంది. కాని దానికి తొందర లేదు. మామూలు సిమెంటు కంటె నెమ్మదిగా గట్టిపడుతుంది. కనుక ఎక్కువ రోజులు తడి కావాలి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456, కాంక్రీటును మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, బూడిద సిమెంటయితే కనీసం 10 రోజులు తడిగా వుంచాలంటుంది. ఎండలూ వడగాలీ వున్నచోట ఇంకా ఎక్కువ. అంగుళం మందం కూడా లేని గిలాబుకు తడి ఇంకా త్వరగా పోతుంది కదా!

ఆ మాటతో నా కళ్లు తెరుచుకున్నాయి. సిమెంటు బురదలాగా ఆరి గట్టిపడుతుందని నేను అనుకునేవాణ్ణి. అది పొరపాటు. సిమెంటు తడిలో గట్టిపడుతుంది. నీరు దానిలో కలిసి, రేణువు రేణువునూ పట్టి బంధిస్తుంది. ఆ పని పూర్తికాకముందే ఎండా గాలీ నీటిని పీల్చివేస్తే రెండు నష్టాలు. పూత బలం తెచ్చుకోదు. నీరు పోయినంత మేర ముడుచుకుంటుంది. వెనక గోడ కదలనివ్వదు, ముందు పూత ముడుచుకోక మానదు. ఇంకా బలంలేని పూత ఏం చేస్తుంది? పగులుతుంది. ఎండిన చెరువు అడుగున మనం చూసే నెర్రెలకూ మూలసూత్రం ఇదే.

అప్పుడు ఆ నాలుగు రోజుల లెక్క తీశాను. మొదటి రోజు మేస్త్రి, "పది దినాలు, రోజుకు మూడుమాట్ల తడపాలె సార్. గోనెసంచులు కప్పితే ఇంకా మంచిది" అన్నాడు. గోనెసంచులు కడితే ఇల్లు వికారంగా వుంటుందని నేనే వద్దన్నాను. రెండోరోజు నీళ్ల ట్యాంకరు రాలేదు. మూడోరోజు సాయంత్రం మాత్రం ఒకసారి కొట్టించాను. పడమటి గోడ మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా 40 డిగ్రీలు దాటిన ఎండలో మాడింది. వేపచెట్టు కింది గోడ నీడలో బతికిపోయింది. ఇంకో ఘనకార్యం కూడా వుంది. గట్టిగా వుంటుందని మేస్త్రి నెత్తిన నిలబడి సిమెంటు ఒక తట్ట ఎక్కువ వేయించింది కూడా నేనే. సిమెంటు ఎక్కువయిన కొద్దీ పూత ఎక్కువగా ముడుచుకుంటుందని నాకేం తెలుసు? బెల్లం ఎక్కువ వేసినకొద్దీ పాయసం బాగుంటుందనుకునే రకం నేను!

ఇసుకమీద గుడి

పండుగ మరునాడు పాలంపేటకు పోయి రామప్ప గుడి చూశాం. ఆ ఊరు 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనే వుంది, తరువాత ములుగు జిల్లాలోకి పోయింది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఆలయం. 2021లో యునెస్కో వారు దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. నేను అంతకు రెండేళ్ల ముందు వెళ్లినప్పుడు చూసింది మాత్రం శిల్పాలకంటె ఎక్కువగా నేల.

అంత బరువయిన రాతిగుడిని కాకతీయుల స్థపతులు ఇసుక నింపిన గుంతమీద నిలబెట్టారు. ఇసుకమీద ఇల్లు కట్టకూడదంటారు కదా అని నేను ఆశ్చర్యపోయాను. నాలుగువైపులా కట్టడి చేసిన ఇసుక ఎటూ పోదు. నీరు తగిలితే ఉబ్బదు, ఎండ తగిలితే ముడుచుకోదు. కింది మట్టి చేష్టలు పైకి రానివ్వకుండా పరుపులా పనిచేస్తుంది. మా బావగారి ఇంటి కింద లేనిదీ, రామప్ప కింద వున్నదీ అదే. మండపంలో నేల అక్కడక్కడ అలల్లా ఎత్తుపల్లాలయింది. అయినా గుడి నిలిచేవుంది.

ఆ కాలపు సున్నపు పనికీ ఓపికే ప్రాణం. గానుగలో తొక్కించిన డంగు సున్నానికి కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపేవారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుంటూ నెలలూ ఏళ్లూ గట్టిపడుతుంది. సన్నని నెర్రె పడితే దానంతటదే కొంత పూడ్చుకుంటుంది కూడా. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందిన తరువాత పనికి వేగం వచ్చింది. వేగంతోపాటు మనకు తొందర కూడా వచ్చింది.

మంచు దేశంలో అదే పాట

నవంబరులో కెనడాలోని ఎడ్మంటన్ నుంచి మా అక్కగారి అబ్బాయి ఫోను చేశాడు. వాడూ అక్కడ ఒక ఇల్లు కొన్నాడు. "మామయ్యా, మా బేస్‌మెంటు గిలాబు పగిలింది" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

మన బేస్‌మెంటు నేలమీద ఎత్తు, వాళ్లది నేలకింద గది. ఆ గది గోడ నేలపైకి అడుగో రెండడుగులో కనబడుతుంది. ఆ కాంక్రీటు ముఖానికి పూసే పూతను వాళ్లు పార్జింగ్ అంటారు. పాతది రాలిపోతే అక్టోబరు చివర కొత్తది వేయించాడట. పగలు బాగానే వుంది. రాత్రి చలి సున్నా దాటి కిందికి దిగింది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. పచ్చిపూతలో వున్న నీరు లోపలే మంచయి, ఇంకా కుదురుకోని పూతను లోపలినుంచి చీల్చింది. మిగిలిన సన్నని నెర్రెల్లోకి పగలు కరిగిన మంచు దిగటం, రాత్రి గడ్డకట్టటం, మళ్లీ కరగటం. నెల తిరిగేసరికి పెచ్చులు పెచ్చులుగా లేచింది.

వాళ్లు 5 డిగ్రీల కంటె తక్కువ చలిలో ఆ పని పెట్టుకోరాదంటారు. తప్పనిసరి అయితే పూతకు దుప్పట్లు కప్పి వెచ్చగా వుంచుతారు. పూతలో కంటికి కనబడని గాలిబుడగలు వుండేట్టు మందు కలుపుతారు. నీరు గడ్డకట్టి పెరిగినప్పుడు ఆ బుడగల్లో దానికి చోటు దొరుకుతుంది.

"అయితే ఎవరి తప్పురా?" అని అడిగాను.

"నాదే మామయ్యా. చలి మొదలయింది, వసంతం దాకా ఆగమని పనివాడు చెప్పాడు. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ల ముందు నామోషీ అని నేనే తొందరపెట్టాను."

ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. మాకు ఎండ, వాడికి మంచు. శత్రువులు వేరు, జరిగింది ఒక్కటే. కొత్తపూతకు దాని నీటితో దానికి వున్న పని పూర్తికానివ్వలేదు. ఇద్దరికీ పని తెలిసినవాడు ముందే చెప్పాడు. ఇద్దరమూ వినలేదు. వాడు మాత్రం పనివాడి డబ్బు ఆపలేదు.

ఆరు వేలు

సంక్రాంతికి ముందు మేస్త్రి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాకిట్లో మంచంమీద కూర్చుని తాపీకి పిడి బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆరు వేలూ చేతిలో పెట్టి, "తప్పు నాది మేస్త్రీ, నీళ్లు కొట్టించలేదు" అన్నాను. చెప్పటానికి ఎంతో సాధన చేసుకుపోయిన మాట, తీరా చెబుతుంటే గొంతు దిగనంటుంది. ఈ ఎనిమిది నెలల్లో ఆయన ఒక్కసారి కూడా మా గుమ్మం ఎక్కి ఆ డబ్బు అడగలేదు. అది గుర్తుకు వచ్చి ఇంకా సిగ్గయింది.

ఆయన డబ్బు లెక్కపెట్టలేదు. "ఇప్పుడు చలికాలం సార్. మన దిక్కు గిలాబుకు ఇదే మంచి కాలం. రేపొచ్చి చూస్త" అన్నాడు.

మరునాడు వచ్చి పడమటి గోడంతా తాపీ పిడితో కొట్టి విన్నాడు. బోలుగా మోగినచోట గిలాబు ఊడదీశాడు. గట్టిగా మోగినచోట నెర్రెలను కాస్త గీకి, శుభ్రంగా కడిగి పూడ్చాడు. "ముడుచుకునుడు ఎప్పుడో అయిపోయింది సార్. ఇగ పూడిస్తే నిలుస్తది. ఆ నాడే పూడిస్తే మళ్ల పగిలేది" అన్నాడు. ఊడదీసినచోట ముందు గోడను బాగా తడిపాడు. పొడి ఇటుక కొత్త మాల్‌లోని నీటిని తాగేస్తుందట. ఇసుకను గాజుగ్లాసులో నీళ్లుపోసి కలిపి, తేరిన తరువాత పైన ఒండ్రు పొర ఎంత వుందో నాకు చూపించాడు. ఒండ్రు ఎక్కువయితే నెర్రెలూ ఎక్కువే. సిమెంటు ఒక పాలు, ఇసుక అయిదు పాళ్లు. ఈసారి నేను నోరెత్తలేదు. పైన తడి పీల్చటానికి పొడి సిమెంటు చల్లి నున్నగా రుద్దటం కొందరికి అలవాటు. ఆయన అది చేయలేదు. ఆ నునుపు తోలే ముందు పగులుతుందన్నాడు.

గోనెసంచులు నేనే కట్టాను. పన్నెండు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెంబుతో నీళ్లు నేనే పోశాను. "మొక్కకు కూడా ఇన్నిసార్లు పోయలేదు ఎప్పుడూ" అని మా ఆవిడ నవ్వింది. సంక్రాంతి ముగ్గులు చూడవచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లకు మా ఇంటి పడమటి వైపు గోనెసంచులే దర్శనమిచ్చాయి. వికారంగానే వున్నాయి. వుండనీ!

ఆ గోడకు ఇన్ని ఎండలు తగిలినా కొత్త గీత పడలేదు. ఇల్లు కట్టుకునే స్నేహితులెవరయినా సలహా అడిగితే నేను చెప్పేది రెండు ముక్కలే. ముహూర్తం పెట్టుకునేముందు గిలాబు ఆరే రోజులు కాదు, తడిసే రోజులు లెక్క వేసుకోండి. గోడమీద పగులు కనబడితే, మేస్త్రిమీద కేకలు వేసేముందు ఒక చెంబెడు నీళ్లు తెచ్చి గోడమీద చల్లి చూడండి.